చేరినంక ఒక మిస్డ్ కాల్

సారును నారాయణగూడ సమాధుల తోటల మట్టి చేసి ఇంటికొచ్చిన. చెప్పులు విడువంగనె నా చెయ్యి దానంతట అదే ఫోన్ తీసి సారు నంబర్ నొక్కింది. ఒక్క రింగ్ పోయింది, కట్ చేసిన. అప్పుడు యాదికొచ్చింది ఎవరికి చేసిన్నో. ఒళ్ళంత జల్లుమన్నది. చిక్కడపల్లిల మా ఇంట్ల, పట్టపగలు, ఫ్యాన్ కింద నిలబడి, ఇప్పుడే మట్టి పోసి వచ్చిన మనిషికి నేను ఇంటికి చేరిన అని చెప్పిన.

తర్వాత తెలిసింది, ఆ రోజు మా చర్చి సంఘంల సగం మంది ఇదే పని చేసిన్రట. ఫోన్ ఆంటీ దగ్గరుండె, అంటె సారు భార్య దగ్గర. ఆమెకు చెవులు సరిగ వినరావు. ఫోన్ ముందర పెట్టుకొని లైటు చూసుకుంట కూసున్నదట. "పొద్దుందాక అది వెలుగుడు, ఆరుడు. మీకేమన్న తెలివి ఉన్నదా?" అని తెల్లారి పోయినోళ్ళందర్ని తిట్టింది. తిట్టుడు అయినంక కండ్లు తుడుచుకొని, "అందరు చేరిన్రులే, చూసిన," అన్నది.

సారు పేరు ఇక్కడ రాయను. రాస్తె ఆయనే భయపడుతుండె. ఒకసారి సంఘం వార్షికోత్సవానికి పెద్దల ఫొటోలతోని ఫ్లెక్సీ కొట్టిస్తె, "నా బొమ్మ తీసెయ్యిన్రి, రోడ్డు మీద చూసినోళ్ళు పోయిండనుకుంటరు," అని పాస్టర్ గారి వెంట పడి తీయించిండు. గవర్నమెంట్ బడిల డ్రాయింగ్ సారుగ చేసి రిటైరయిండు. చిక్కడపల్లి మార్కెట్ వెనక గల్లీల గ్రౌండ్ ఫ్లోర్ల కిరాయికుండె. వాన కొడితె మోరీ నీళ్ళు గడప దాటి లోపలికొస్తుండె. ఓనర్ పైన పోర్షన్ ఇస్తనన్నా పోలేదు. పైకి ఎక్కినంక ఆపద వస్తె దిగుడెట్ల అనేది ఆయన పరేషాన్.

ఆయన భయపడనిది ఏదన్న ఉన్నదా అని మేము నవ్వుకునేటోళ్ళం. లిఫ్ట్ ఎక్కడు. ఇంట్ల గ్యాస్ బండ మార్చేటప్పుడు గల్లీ చివర నిలబడి, ఆంటీ పిలిస్తెనే వస్తడు. పగలంత ఇంటి తలుపుకు కుర్చీ అడ్డం పెట్టి తెరిచే ఉంచుతడు, బయటికి ఉరకాలంటె గడియ తీసే పని పడొద్దని. నారాయణగూడ చౌరస్త దాటాలంటె ముందు పక్కనోళ్ళను చూస్తడు. "దాటుతున్నవా బిడ్డా? అయితె నేనుగూడ," అని తెల్వని మనిషి మోచెయ్యి పట్టుకుంటడు. కోచింగ్‌కు పోయే పోరగాళ్ళు, కూరగాయల సంచులు మోసే ఆడోళ్ళు, ఎవరైనా సరే. ఆయన చెయ్యి విదిలించుకున్నోళ్ళను నేను చూడలేదు.

మా సంఘం నారాయణగూడల ఒక గల్లీల ఉంటది. కింద ఫర్నిచర్ దుకాణం, మీద మా హాలు, ఎక్కుడు దిగుడు ఒకటే మెట్ల మీద. ఆ మెట్లంటె సారుకు చచ్చేంత భయం. అయినా ఆదివారం తప్పలేదు. చెప్పులు అందరి లెక్క బయట విడువక చేతిల పట్టుకొచ్చి, తలుపు పక్కన ఆఖరి కుర్చీ కింద పెట్టుకునేటోడు. ఎదురుంగ స్టేజి వెనక గోడ మీద, భయపడొద్దన్న వాక్యం ఎర్ర రంగుల పెద్దగ రాసి ఉంటది. రాసింది సారే. నిచ్చెన ఎక్కనంటె పైవరస యూత్ పిల్లలు రాసిన్రు, కిందివరస ఆయన రాసిండు. ఇప్పటికీ చూస్తె తెలుస్తది, పైన అక్షరాలు వంకర, కింద అక్షరాలు ముత్యాలు.

యూత్ పిల్లలు ఆయనకు పెట్టిన పేరు మిస్డ్ కాల్ తాత. ఆరాధన అయినంక పాస్టర్ గారు ఆశీర్వాదం చెప్పి పంపుతరు. తలుపు కాడ సారు ఇంకొకటి చెప్పి పంపుతడు. "చేరినంక నాకొక మిస్డ్ కాల్ ఇయ్యి." కవాడిగూడ పోయేటోళ్ళకు, నల్లకుంట పోయేటోళ్ళకు, ఆఖరికి పక్క గల్లీల ఉండేటోళ్ళకు గూడ ఇదే మాట. చేస్తె ఎత్తడు. ఒక్క రింగ్ పోయి ఆగితె మనిషి క్షేమంగ చేరినట్టు. అందరియి వచ్చేదాక అన్నం ముట్టడు. "ఈయనకు అన్నం నేను పెడుతలేను, సంఘం పెడుతున్నది," అని ఆంటీ మొత్తుకునేది.

ఒకసారి నేనే అడిగిన. "ఎందుకు సారు ఇంత పరేషాన్? దేవుడు చూసుకోడా?"

"చూసుకుంటడు బిడ్డా," అన్నడు. "చూసుకున్నట్టు నాకు తెల్వాలె కద."

నేను నవ్విన. అప్పుడు నవ్వే ధైర్యం ఉండె.

నేను అశోక్ నగర్ల ఒక ఆడపిల్లల హాస్టల్ల వార్డెన్ను. ఊర్ల నుంచి వచ్చి గవర్నమెంట్ నౌకర్ల కోసం చదివే పిల్లలు ఉంటరు. నాకు ఒక్కతే బిడ్డ, కెజియ. దాని జోడీ రూతు. సండే స్కూల్ నుంచి డిగ్రీ దాక ఇద్దరు ఒక్కటే బెంచి. రూతు వాళ్ళమ్మ హిమాయత్‌నగర్ల బట్టల దుకాణంల సేల్స్ పని చేస్తది. భర్త లేడు. ఆమెకూ రూతు ఒక్కతే. కవాడిగూడల ఒక్క గదిల తల్లీబిడ్డలు ఉండేటోళ్ళు. ఆమెను ఎవరం పేరు పెట్టి పిలువకపోతుంటిమి, రూతు అమ్మ అంటుంటిమి.

ఆ ఆదివారం పిల్లలిద్దరు కాలేజీ ఫంక్షన్ ఉన్నదని మురుసుకుంట చెప్పిన్రు. సారు ఎప్పటి లెక్కనే, "అయినంక ఇంటికి చేరి నాకొక మిస్డ్ కాల్ ఇయ్యిన్రి," అన్నడు. "రెండు ఇస్తం తాతా," అని రూతు నవ్వింది. దాని నవ్వు నా చెవుల్ల ఇంక ఉన్నది.

ఫంక్షన్ నాడు పొద్దుగూకంగ నేను హాస్టల్ల ఉన్న. పిల్లలు చాయ్ పెట్టుకుంటున్నరు. ఫోన్ మోగింది. ఒక్క రింగ్ తోని ఆగలేదు, మోగుతనే ఉన్నది. చూస్తె సారు పేరు. ఆయన నుంచి ఫోన్ రాంగ అంతవరకు నేను చూడలేదు. 

"అమ్మా, పిల్లలు చేరిన్రా?"

"ఇంకేడ సారు, ఇప్పుడే అయిపోతుండొచ్చు."

"చీకటి పడుతున్నది బిడ్డా. నాకు కాల్ రాలే."

నాకు కోపమొచ్చింది. ఈ ముసలాయన మంచిగున్న మనిషిని పరేషాన్ చేస్తడు అనుకుంట పెట్టేసిన. పెట్టేసి తల ఎత్తుతె, మా హాస్టల్ పిల్ల ఒకతి చేతిల ఫోన్ పట్టుకొని మెట్ల కాడ నిలబడ్డది. మొఖం తెల్లగ పోయింది. "అక్కా, కెజియది ఏ కాలేజీ అన్నవ్?" అని అడిగింది.

కాలేజీ ఫంక్షన్ హాలు మీది అంతస్తుల ఉండెనట. కరెంటు పోయి ఏడనో పొగ లేసిందట. బయటోళ్ళు రావొద్దని కింద మెట్ల గేటుకు తాళమేసిన్రట. పిల్లలంత ఒక్కసారే మెట్ల మీదికి ఉరికిన్రు. ఇంతకన్న నేను చెప్పలేను. కెజియ గూడ నాకు ఒక్కటే మాట చెప్పింది, ఒక్కసారే. "చెయ్యి జారింది మమ్మీ." దాని చేతిల రూతు చెయ్యి ఉండెనంట.

దవాఖాన గేటు ముందర ఎవరి పిల్లలు ఎక్కడున్నరో చెప్పేటోడు లేడు. ఆంబులెన్స్ వచ్చినప్పుడల్ల అందరం ఒక్కసారే లేచి ఉరుకుడు, మళ్ళ కూసునుడు. రూతు అమ్మ నా పక్కనే ఉన్నది, నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది. నేను లోపల లోపల మొక్కుకున్న. ప్రభువా, నా బిడ్డను నాకియ్యి, సంఘం ముందర నిలబడి నీ మేలు చెప్తా అని. మా దాంట్ల ఇది మామూలే. మేలు జరిగితె లేచి సాక్ష్యం చెప్పాలె. చెప్తానని మాట ఇచ్చి చెప్పకపోతె ఇచ్చిన మేలు వాపస్ పోతదని మా అమ్మ చిన్నప్పటి నుంచి భయపెట్టి పెంచింది. నన్ను ఆ భయం ఇప్పటికీ విడువలేదు.

కెజియ దొరికింది. ఒక చెయ్యి విరిగింది, కాళ్ళకు చెప్పుల్లేవు, కండ్లు తెరిచి చూస్తున్నది. "స్తో..." అని స్తోత్రం నా నోట్లె నుంచి సగం వచ్చింది. మిగిలిన సగం గొంతుల ఆగింది. పక్కన రూతు అమ్మ ఇంక గేటు దిక్కే చూస్తున్నది.

రూతును గూడ ఆ సమాధుల తోటలనే మట్టి చేసినం. అటెనుక అశోక్ నగర్ మొత్తం ఒక తీర్గ అయింది. పిల్లలు చౌరస్తల కొవ్వొత్తులు ముట్టించిన్రు, అవి ఆరిపోయినంక గూడ అక్కడనే నిలబడ్డరు. ఊర్ల నుంచి తండ్రులు నాకు ఫోన్లు. "మా బిడ్డ ఆ కాలేజీ కాదు కద అమ్మా?" "కాదు పెద్దనాయనా, మీ బిడ్డ ఇక్కడనే చదువుకుంటున్నది." "ఒక్కసారి పోయి చూసి చెప్పు తల్లీ." చూసి చెప్పేటిదాన్ని. హాస్టల్ గేటు తాళంచెవి నా కొంగుకు ఉంటది.  తాళమేస్తె పిల్లలు లోపల చిక్కుకుంటరని భయం, ఏయకపోతె ఎవడన్న లోపలికొస్తడని భయం. ఆఖరికి తాళమేసి, చెవి గేటు పక్క మేకుకు తగిలేసి, ప్రతి పిల్లకు అది చూపించిన. చూపించినోళ్ళకే మళ్ళ చూపించిన. ఎవ్వరు నవ్వలేదు. సారును చూసి మేమెంత నవ్వినమో యాదికొచ్చి నా మీద నాకే సిగ్గయింది.

సంఘంల ఇంకొక తీరు. ఆదరణ కూడికలు పెట్టిన్రు, పాటలు పాడిన్రు, రూతు మంచి చోటికి పోయిందన్నరు. ఎవరు చెప్పకుండనె అందరు ఒక పని చేసిన్రు. రూతు అమ్మ అని పిలుచుడు బంద్ చేసి, సిస్టర్ అనుడు మొదలు పెట్టిన్రు. ఆ పేరు వింటె ఆమెకు బాధయితదని వాళ్ళ ఆలోచన. నేను గూడ అట్లనే పిలిచిన. సారు ఒక్కడే పాత పిలుపు విడువలేదు. "ఏం రూతు అమ్మా, తిన్నవా?" అని ఆయన అంటుంటె మేము మొఖాలు పక్కకు తిప్పుకునేటోళ్ళం.

కొన్ని వారాలకు ఒక ఆదివారం సాక్ష్యాల టైంల ఒకాయన లేచిండు. చెడ్డోడు కాదు, కూడికకు కుర్చీలు ఏసేది ఆయనే. "మా బాబుది గూడ అదే కాలేజీ," అన్నడు. "ఆ రోజు పొద్దున జ్వరమొచ్చింది. దేవుడే జ్వరమిచ్చి ఇంట్ల ఆపిండు." అందరం ఆమెన్ అన్నం. మాకు ఆమెన్ అనుడు తుమ్ము లెక్క, వచ్చినంక గాని తెల్వదు. అటెనుక ఒక కుర్చీ జరిగిన చప్పుడయింది.

రూతు అమ్మ సంచి భుజానికి ఏసుకొని తలుపు దిక్కు నడిచింది. ఎవరం లేవలేదు. ఎట్ల లేస్తం, లేచి ఏం చెప్తం? తలుపు కాడ సారు కుర్చీ కింద నుంచి చెప్పులు తీసుకున్నడు. "దిగుతున్నవా రూతు అమ్మా? జర నన్ను పట్టుకో, నాకు ఈ మెట్లంటె భయం," అన్నడు. ఆమె ఆగింది. ఆయన మోచెయ్యి పట్టుకున్నది. ఇద్దరు ఒక్కొక్క మెట్టు దిగుడు మాకు పైకి వినొచ్చింది. 

ఆ మెట్ల చప్పుడు నాకు కొత్త భయం పెట్టింది. నా సాక్ష్యం ఇంక మిగిలి ఉన్నది. చెప్తె ఆ తల్లి మళ్ళ ఆ మెట్లు దిగుతది, ఈసారి రాదు. చెప్పకపోతె నా బిడ్డ. పాస్టర్ గారితోని చెప్పుకున్న. "దేవుడు అట్లాంటోడు కాదు సిస్టర్, భయపడకున్రి," అన్నరు. మంచి మాటనే. ఇంటికి పొయ్యేసరికి ఆ మాట నా చేతిల లేదు. ఆ వారమే కెజియకు జ్వరమొచ్చింది. మామూలు జ్వరమే అని డాక్టర్ అన్నడు. నేను నమ్మలేదు. దేవుడు అడుగుతున్నడు, మొక్కు యాది చేస్తున్నడు అనుకున్న. దాని పక్కల కూసోని ఊపిరి వింటనే ఉన్న. ఇంత భయం నేను ఎన్నడు పడలేదు.

శనివారం మధ్యాహ్నం సారు ఇంటికి పోయిన. తలుపుకు కుర్చీ అడ్డం పెట్టి ఉన్నది. ఆంటీ చిక్కుడుకాయలు తుంపుతున్నది. నేను అంత చెప్పి ఏడ్చిన. దేవుడు అట్లాంటోడు కాదని ఆయన గూడ అంటడనుకున్న. అనలేదు. ఆయన మొఖంల గూడ భయం కనవడ్డది. నాకు అదే ధైర్యమయింది, నా భయం ఉత్తది కాదని ఇంకొకరికి తెలిసిందని.

"ఏమని మొక్కుకున్నవ్? మాట మాట చెప్పు," అన్నడు.

"సంఘం ముందర నిలబడి చెప్తానని."

"ఆదివారమే అన్నవా?"

"లేదు సారు."

"మైకుల చెప్తానన్నవా?"

"లేదు."

సారు కాసేపు గడ్డం గోక్కున్నడు. "ఇద్దరు ముగ్గురు ప్రభువు పేరు మీద కూడితె ఆయన వస్తడు కద. అయితె అది సంఘమే. నేనున్న, మీ ఆంటీ ఉన్నది, నువ్వున్నవ్. నిలబడు."

అని లేచి తలుపు కాడి కుర్చీ తీసిండు. తలుపేసి గడియ పెట్టిండు. ఆ ఇంట్ల పగటిపూట గడియ పడంగ నేను చూసుడు అదే మొదలు. కిటికీ రెక్క గూడ దగ్గరికి గుంజిండు. దుకాణం నుంచి ఇంటికి పోయేటప్పుడు రూతు అమ్మ ఒక్కోసారి సారోళ్ళింటికి వచ్చి పోతుంటది. "మెల్లగ చెప్పు బిడ్డా. ప్రభువుకు వినొస్తది," అన్నడు. గడియ మీద నుంచి ఆయన కండ్లు జరుగుతలేవు, నుదురు మీద చెమట. ఆ గదిల ఊపిరాడుతలేదని నాకు తెలుస్తనే ఉన్నది.

నేను నిలబడి గుసగుసగ మొదలుపెట్టిన. "ప్రభువు నా బిడ్డను నాకు తిరిగి ఇచ్చిండు..."

"ఏందీ?" అన్నది ఆంటీ. "జర గట్టిగ చెప్పు, నాకు వినొస్తలేదు."

సారు బెదిరిపోయిండు. ఆంటీ పక్కన కూసోని, ఆమె చెవి కాడ చెయ్యి అడ్డం పెట్టి, నేను చెప్పిన మాట మళ్ళ చెప్పిండు. అట్లనే సాగింది. నేను ఒక మాట చెప్పుడు, ఆయన ఆమె చెవిల చెప్పుడు. నా బిడ్డ అన్న కాడ ఆయన గూడ నా బిడ్డ అనే అన్నడు. "నా బిడ్డ చెయ్యి కట్టు విప్పిన్రు. నా బిడ్డ నిన్న ఇంత అన్నం తిన్నది." చెప్పుకుంట చెప్పుకుంట ఆయన గొంతు పగిలింది. ఆఖరుకు స్తోత్రమని ముగ్గురం పెదవులతోని అన్నం, గొంతు రానియ్యలేదు.

అన్నమో లేదో, తలుపు చప్పుడయింది.

నా ప్రాణం అక్కడనే పోయింది. సారు లేచి గడియ దగ్గరికి పోయిండు. తీస్తె గడప బయట రూతు అమ్మ.

"ఏంది సారు, ఎన్నడు లేంది తలుపేసుకున్నరు?"

ఆయనకు అబద్ధం చెప్పుడు రాదు. "భయమైంది బిడ్డా," అన్నడు.

ఆమె నా దిక్కు చూసింది. నా కండ్లు ఎర్రగున్నయి, దాచుకునే చోటు లేదు. "కెజియకు జ్వరమంట కద అక్కా, తగ్గిందా?" అని అడిగింది. నేను తల ఊపిన. "దానికి జర పెసరకట్టు పెట్టు, నోరు చేదుంటది," అని చిక్కుడుకాయల ముందర కూసోని ఆంటీతోని తుంపుడు మొదలుపెట్టింది. సారు మళ్ళ తలుపుకు కుర్చీ పెట్టి, గడప మీద కూలబడి గాలి పీల్చుకున్నడు.

కెజియ జ్వరం తగ్గింది. నా భయం మొత్తం పోలేదు, సగం సారు తీసుకున్నడు. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. ఆదివారాలు గడిచినయి. కెజియ మళ్ళ కాలేజీకి పోవుడు మొదలుపెట్టింది, వేరే కాలేజీల. రోజూ సాయంత్రం చేరంగనె తాతకు మిస్డ్ కాల్ ఇచ్చేది. ఒక్క రోజు గూడ మరువలేదు.

సారు పోయింది మాత్రం ఆయన ఎన్నడు భయపడని దానితోని. లిఫ్ట్ కాదు, రోడ్డు కాదు, గ్యాస్ కాదు. మామూలు దగ్గు ముదిరింది. దవాఖానల ఆయనను పై అంతస్తుల పెట్టిన్రు. నేను చూడ పోతె, "దిగేటప్పుడు మెట్ల మీద నుంచే దిగు బిడ్డా," అన్నడు. ఆఖరుసారి నాతోని మాట్లాడింది అదే.

జ్ఞాపకార్థ కూడిక నాడు హాలు నిండింది. ఆయన కుర్చీల ఎవరు కూసోలేదు. కూడిక అయినంక నేను మెట్లు దిగుతుంటె వెనక నుంచి ఎవరో మోచెయ్యి పట్టుకున్నరు. రూతు అమ్మ. కింద ఫర్నిచర్ దుకాణం ముందర, కవర్లు తీయని సోఫాల పక్కన నిలబడ్డం.

"అక్కా, ఒకటి అడుగుతా. ఆ శనివారం సారు ఇంట్ల తలుపేసుకున్నరు కద."

 ఇన్ని రోజులు ఏది కావొద్దని భయపడ్డనో అది నా ఎదురుంగనె ఉన్నది.

"సారు మెల్లగనే చెప్తున్ననుకున్నడు," అన్నది. "ఆంటీ చెవుల సంగతి తెల్వదా? ఆ చెవిల పడాలంటె గడప బయటికి గూడ పడుతది. నేను అంత విన్న. మీరు స్తోత్రం అనేదాక ఆగి, అప్పుడు కొట్టిన తలుపు."

 ఏడుపు వచ్చింది. "చెల్లె, నాకు భయమై..."

"నాకు గూడ భయమే ఉండె అక్కా. దవాఖాన నుంచే ఉండె. నువ్వు ఏ ఆదివారం లేస్తవో, ఏం చెప్తవో, అది వినుకుంట నేనెట్ల కూసోవాలెనో అని. నువ్వు లేవనే లేవలేదు. ఎందుకు లేస్తలేవో ఆ గడప బయట తెలిసింది." ఆమె సోఫా మీది కవర్‌ను వేలితోని సవరిస్తున్నది. "ఎందరో వచ్చి ఆదరణ చెప్పిన్రు. ఏదీ నాకు అంటలేదు. మీరు మాత్రం నా కోసమని దేవునితోని గూడ గట్టిగ మాట్లాడలేదు. నాకు అదొక్కటే అంటింది."

బస్సుల కోసం ఎవరెవరో పోతున్నరు. తలుపు కాడ నిలబడి ఆ మాట చెప్పేటోడు లేక, అందరు ఏదో మరిచిపోయినట్టు వెనకకు చూసుకుంట పోతున్నరు. నాకు గూడ ఆమెతోని అనాలెనని నోటిదాక వచ్చింది. అనలేకపోయిన. చేరినంక అనే మాట ఆ తల్లి ముందర ఎట్లంటం?

ఆమెనే అన్నది.

"రోజూ కెజియ ఇంటికి చేరినంక నాకొక మిస్డ్ కాల్ ఇయ్యి అక్కా."

"నీకా?" అన్న. "రోజూ అది ఎట్ల ఓర్సుకుంటవ్?"

"తెల్వదు. కానీ అది చేరినట్టు నాకు తెల్వాలె."

తెల్లారి సాయంత్రం కెజియ లేట్ అయింది. బస్సు దొరకలేదో, ట్రాఫికో. ఫోన్ చేస్తె ఎత్తుతలేదు. నేను గల్లీ మొదలుకు పోవుడు, వచ్చుడు. పాత భయమే. కానీ ఈసారి ఒక సంగతి యాదికొచ్చి ఆగిన. దుకాణంలనో దారిలనో ఇంకొక మనిషి ఫోన్ చేతిల పట్టుకొని నా బిడ్డ కోసం చూస్తున్నది. ఆమెకు గూడ ఇట్లనే ఉంటది.

కెజియ వచ్చింది. "చార్జింగ్ అయిపోయింది మమ్మీ," అని చెప్పులు విడిచింది. నేను దాన్ని తిట్టలేదు. నిలబడి ఫోన్ తీసిన. నంబర్ కింద పేరు సిస్టర్ అని ఉన్నది. అది తీసేసి, రూతు అమ్మ అని రాసి, అప్పుడు నొక్కిన. ఒక్క రింగ్ పోయింది. కట్ చేసిన.

 ఆ తల్లికి ఇది ఎక్కువయిందేమో, ఇయ్యకుండ ఉండాల్సిందేమో అనుకుంట అక్కడనే నిలబడ్డ. కాసేపటికి నా ఫోన్ ఒక్క రింగ్ మోగి ఆగింది.

రూతు అమ్మ గూడ ఇంటికి చేరింది.